పుల్ల మజ్జిగని యూరియా అనొద్దు, హార్బర్‌కి పట్టుకెళ్దాం



"2 కిలోల పెరుగు 25 కిలోల యూరియాతో సమానం" అనే వీడియో మళ్లీ మన గ్రూపుల్లో తిరుగుతోంది. ఇది కొత్తదేం కాదు, ఏళ్ల తరబడి ఒక భాష నుంచి ఇంకో భాషకి మారుతూ వస్తోంది. ఈసారి మంచి తెలుగు గొంతు, వెనకాల పచ్చటి వరి చేను, రాగి ముక్క వేసిన పెరుగు కుండ. చూడ్డానికి బాగానే ఉంది. నాకు ఫార్వర్డ్ చేసినవాళ్లలో ఎక్కువమంది పదేళ్లుగా రసాయనం ముట్టని రైతులు. అందుకే దీని మీద రాయాల్సి వస్తోంది.

లెక్క చూద్దాం. పెరుగులో ప్రోటీన్ నూటికి మూడు, మూడున్నర వంతులు. 2 కిలోల పెరుగులో మహా అయితే 70 గ్రాములు. అందులో నత్రజని సుమారు 11 గ్రాములు. యూరియాలో నత్రజని నూటికి 46 వంతులు కాబట్టి 25 కిలోల్లో 11.5 కిలోలు ఉంటుంది. గ్రాములకీ కిలోలకీ తేడా, అంటే వెయ్యి రెట్లు. "పెరుగులో బ్యాక్టీరియా గాలిలో నత్రజనిని పట్టి ఇస్తుందండీ" అని ఒకాయన వాదించారు. పెరుగు బ్యాక్టీరియాకి ఆ విద్య రాదు. అది పప్పుజాతి వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియంకీ, అజటోబాక్టర్, అజోస్పైరిల్లం లాంటి వాటికీ వచ్చు. పాలలో పెరిగే బ్యాక్టీరియా చేసేది వేరే పని, అది మనకి చాలా ముఖ్యమైన పని. చెయ్యని పనికి దాన్ని పొగుడుతూ కూర్చుంటే అది నిజంగా చేసే పని మన కళ్ల ముందే వృథా పోతోంది.

వీడియో నమ్మి యూరియా మానేసిన కొత్త రైతు పరిస్థితి ఆలోచించండి. జీవామృతం లేదు, పచ్చిరొట్ట లేదు, ఘనజీవామృతం లేదు, పెరుగు నీళ్లు మాత్రం కొట్టాడు. నెల తిరిగేసరికి వరి పసుపెక్కుతుంది. అప్పుడు అతను పెరుగుని తిట్టడు, "ప్రకృతి వ్యవసాయం అంటే ఇంతే" అని ఊరంతా చెప్తాడు. 2016 నుంచి ఊరూరా తిరిగి ఈ వ్యవసాయాన్ని నిలబెట్టినవాళ్ల కష్టానికి అది దెబ్బ.

మరి పెరుగు, పుల్ల మజ్జిగ, ఇడ్లీ పిండి, తరవాణి, చోడి అంబలి, వీటిల్లో బ్యాక్టీరియా చేసే పని ఏమిటి? చక్కెర తిని ఆమ్లం చేస్తుంది. లాక్టిక్ ఆమ్లం. మిగతావన్నీ దాని తర్వాతే.

మన పక్క పాత ఇళ్లలో తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు రోజూ అందులో పోసేవారు, పొద్దున్నే ఆ పుల్లటి నీళ్లలో ఉప్పేసుకుని చద్దన్నంతో తాగి పొలానికి పోయేవారు. ఆ కుండని ఎవరూ ఫ్రిజ్‌లో పెట్టలేదు, అయినా కుళ్లలేదు. ఎందుకు? అందులో పుట్టిన బ్యాక్టీరియా నీళ్లని ఎంత పుల్లగా చేసేదంటే, కుళ్లబెట్టే బ్యాక్టీరియా అందులో బతకలేదు. పీహెచ్ 4.5 కన్నా కిందికి దిగితే చాలావరకు ప్రమాదకరమైనవి ఆగిపోతాయి. మామ్మలకి పీహెచ్ తెలీదు, నాలిక తెలుసు. పులుపు తగ్గితే కుండ మార్చేసేవారు.

ఈ బ్యాక్టీరియా జాతి ఒక్కటి కాదు. అందుకే "ఎల్ఏబీ" అని ఒకే పేరుతో పిలవడం నాకు నచ్చదు. ఇడ్లీ పిండినే తీసుకోండి. పిండి పొంగేది ఈస్ట్ వల్ల అనుకుంటాం. 1965లో అమెరికాలో స్టైన్‌క్రాస్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు పరీక్షించి చూస్తే, పొంగించేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని తేలింది. అది ఆమ్లంతో పాటు గాలి కూడా వదుల్తుంది. మినప్పిండి జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. ఇది పొద్దున్న సంగతి.

అదే బ్యాక్టీరియా అనకాపల్లి, చోడవరం వైపు చెరకు రైతుకి శత్రువు. నరికిన చెరకు బండి మీద రెండు మూడు రోజులు ఎండలో నిలబడిపోతే, నరికిన కొసల నుంచి ఇది లోపలికి దిగి, చక్కెరని తిని డెక్స్‌ట్రాన్ అనే జిగురు చేస్తుంది. రసం చిక్కబడుతుంది, రికవరీ పడిపోతుంది, మిల్లులో తలనొప్పి. మరి ఆ జిగురునే శుభ్రంగా తీసి ఆసుపత్రుల్లో రక్తం బాగా పోయిన మనిషికి సెలైన్‌లా ఎక్కిస్తారు. రక్తహీనతకి ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్లలో ఒక రకం కూడా డెక్స్‌ట్రాన్‌కి ఐరన్ కట్టి చేసిందే. ఇడ్లీలో వరం, చెరకులో నష్టం, ఆసుపత్రిలో మందు. బ్యాక్టీరియా మారలేదు, దాని ముందు మనం ఏం పెట్టాం, ఎంతసేపు పెట్టాం అన్నదే మారింది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే, సీసా మీద "మంచి బ్యాక్టీరియా" అని రాసి ఉన్నంత మాత్రాన డబ్బులు తియ్యరు.

ఈ సందర్భంలో మన తెలుగాయన ఒకరి పేరు చెప్పుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు, తిన్నది ఒంటపట్టక మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆయనకీ వచ్చి తప్పింది. 1923లో అమెరికా వెళ్లి, తర్వాత లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ తర్వాత అదే స్ప్రూ రోగులకి మందుగా పనికొచ్చింది. ఇప్పుడు గర్భిణులకి ప్రతి ఊళ్లో ఇచ్చే మాత్రలో ఉండేది అదే.

ఆ పనిలో పులియబెట్టే బ్యాక్టీరియాకి ఒక పాత్ర ఉంది. లాక్టోబాసిల్లస్ కేసై అనే బ్యాక్టీరియా ఫోలిక్ ఆమ్లాన్ని సొంతంగా చేసుకోలేదు. అది లేని తిండి పెడితే పెరగదు. కాలేయం నుంచో, పులియబెట్టిన ద్రవం నుంచో తీసిన నమూనా చుక్క వేస్తే, అందులో ఆ విటమిన్ ఎంత ఉంటే బ్యాక్టీరియా అంత పెరుగుతుంది, అంత ఆమ్లం చేస్తుంది. ఆ పులుపుని కొలిస్తే విటమిన్ ఎంతుందో తెలిసిపోయేది. అంటే బ్యాక్టీరియా వాళ్లకి త్రాసు. అందుకే ఆ పదార్థానికి మొదట్లో ఎల్ కేసై ఫ్యాక్టర్ అని పేరు. ఇంకో సంగతి చూడండి. పెరుగులోనే ఉండే స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ ఇదే ఫోలేట్‌ని స్వయంగా చేసి పాలలోకి వదుల్తుంది. ఒకటి తినేది, ఇంకొకటి పెట్టేది. రెంటినీ "పెరుగు బ్యాక్టీరియా" అని ఒకే గాటన కడితే ఎలా?

డిప్లొమాలో మాకు మైక్రోబయాలజీ ప్రాక్టికల్ ఉండేది. అందులోంచి పొలానికి పనికొచ్చిన పరికరం ఒక్కటే, పీహెచ్ కాగితం. ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు పులుపుని కొలిచి విటమిన్ పట్టుకున్నారు. మనం పులుపుని కొలిచి డ్రమ్ము బాగుందో కుళ్లిందో చెప్పుకోలేమా?

తెగుళ్ల సంగతికి వస్తే, అక్కడా ఇదే గందరగోళం. పాల బ్యాక్టీరియా కొన్ని ఇతర బ్యాక్టీరియాని చంపే పదార్థాలు చేస్తాయి. అందులో పేరున్నది నిసిన్. దీని జాడ 1928లోనే కనిపెట్టారు, ఇప్పుడు చాలా దేశాల్లో చీజ్ లాంటివి చెడిపోకుండా కలుపుతారు. దాన్ని పట్టుకుని "పుల్ల మజ్జిగ కొడితే వరిలో ఎండాకు తెగులు పోతుంది, ఇందులో సహజ యాంటీబయాటిక్ ఉంది" అని చెప్పేస్తున్నారు. నిసిన్ పనిచేసేది గ్రామ్ పాజిటివ్ అనే వర్గం బ్యాక్టీరియా మీద. ఎండాకు తెగులు తెచ్చే శాంథోమోనాస్ గ్రామ్ నెగటివ్. దాని బయటి పొరని నిసిన్ మామూలుగా దాటలేదు. ఇక బూజు తెగుళ్లయితే అసలు బ్యాక్టీరియానే కాదు.

అయితే బూడిద తెగులు మీద మాత్రం పాలూ మజ్జిగా పిచికారీ చేసే మన అలవాటుకి మంచి ఆధారం ఉంది. బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త 1999లో గుమ్మడి జాతి పంట మీద పచ్చి పాలు నీళ్లలో కలిపి కొట్టి, బూడిద తెగులు బాగా తగ్గిందని చూపించారు. మినుము, పెసర, బీర, దోసల మీద తెగులు మొదట్లో మజ్జిగ కొట్టేవాళ్లని నేను ఆపను. ఆకంతా తెల్లగా కప్పేశాక కొట్టి "పనిచెయ్యలేదండీ" అంటే ఎవరేం చెయ్యగలరు?

ఇప్పుడు అసలు గొడవ, సీసాలు. నేనూ ఇన్‌పుట్స్ తయారుచేసి అమ్మేవాణ్నే, కాబట్టి ఇది నా వ్యాపారం మీద నేనే మాట్లాడుతున్నట్టు. అయినా చెప్తాను. బియ్యం కడుగు, పాలు, బెల్లం కలిపి చేసిన ద్రవాన్ని లీటరు 300, 400కి అమ్ముతున్నారు. సీసా మీద "కోట్లాది సూక్ష్మజీవులు". ఎప్పుడు చేశారో, పీహెచ్ ఎంతో ఉండదు. ఒకదాని మీద బ్యాక్టీరియా పేరు పాతది, ఇంకోదాని మీద కొత్తది. 2020లో లాక్టోబాసిల్లస్ జాతిని 25 జాతులుగా విడగొట్టారు లెండి, ఆ తప్పు రైతుది కాదు. కానీ ఎండలో కొట్టు అరుగు మీద ఆర్నెల్లు నిలబడ్డ సీసాలో బతికున్నవి ఎన్ని? మన వంటింట్లో నిన్న రాత్రి రుబ్బిన పిండిలో అంతకన్నా చురుకైనవి ఉంటాయి, పైసా ఖర్చు లేకుండా.

చట్టం కూడా మారింది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి 2021 ఫిబ్రవరిలో బయోస్టిమ్యులెంట్లని తెచ్చారు. సూక్ష్మజీవులు వదిలిన ద్రవం నుంచి జీవుల్ని తీసేసి అమ్మే సరుకు కూడా అందులో ఒక వర్గం. తాత్కాలిక అనుమతుల గడువు 2025 జూన్ 16తో అయిపోయింది. కాబట్టి పెద్ద పెద్ద మాటలు రాసిన లేబుల్ కనబడితే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సొంత పొలానికి సొంతంగా చేసుకునేదానికి ఎవరి నంబరూ అక్కర్లేదు. చిన్న తయారీదారులకి ఆ పరీక్షల ఖర్చు మొయ్యలేనిదని నా బాధ నాకుంది, అది ఇంకో రోజు రాస్తాను.

మరి ఈ బ్యాక్టీరియాని ఎక్కడ పెడితే దాని కూలి గిట్టుబాటవుతుంది? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర.

మన ఊరు రొయ్యల ఎగుమతిలో దేశంలోనే ముందున్న రేవుల్లో ఒకటి. హార్బర్ దగ్గర, మార్కెట్లలో చేపల తలలు, పేగులు, మొప్పలు రోజూ గంపల కొద్దీ పోగవుతాయి. రొయ్య బరువులో తల, పెంకు కలిపి దాదాపు సగం దాకా ఉంటాయి. మధ్యాహ్నానికి ఆ కంపు మీకు తెలిసిందే. మనం ఏమో నత్రజని కోసం పెరుగు వైపు చూస్తున్నాం. చేప వ్యర్థంలో ప్రోటీన్ నూటికి 15 వంతులు అనుకున్నా, 100 కిలోల్లో నత్రజని 2.4 కిలోలు. అంటే సుమారు 5 కిలోల యూరియాలో ఉండేంత. ఇది నిజమైన లెక్క. నత్రజని సరుకులో ఉంది, బ్యాక్టీరియా ఆ సరుకు కుళ్లకుండా కాపలా కాస్తుంది.

చేప అమైనో ద్రవం మనలో చాలామంది చేస్తున్నారు. చేపా బెల్లం సమానంగా వేసి మూత పెడతారు. అక్కడ చేపని కాపాడేది బెల్లం గాఢత, ఊరగాయని ఉప్పు కాపాడినట్టు. బాగానే ఉంటుంది, కాని 100 కిలోల చేపకి 100 కిలోల బెల్లం. కిలో 50 వేసుకుంటే 5,000 రూపాయలు. అదే పులియబెట్టిన ద్రవాన్ని తోడుగా వేస్తే బెల్లం 10 నుంచి 15 కిలోలు చాలు, ఎక్కువలో ఎక్కువ 750 రూపాయలు. బెల్లం ఇక్కడ కాపలాదారు కాదు, కాపలాదారుకి కూలి. దీన్ని శాస్త్రవేత్తలు సైలేజ్ అంటారు, పశువులకి గడ్డి మాగబెట్టినట్టే. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేప వ్యర్థాల సైలేజ్ మీద చాలాకాలంగా పనిచేస్తోంది. దాని పరిశోధన కేంద్రం ఒకటి మన విశాఖలోనే ఉంది. మనలో ఎంతమంది ఆ గుమ్మం తొక్కాం?

ఒక సంగతి తేటగా చెప్పాలి. చేపలోని మాంసాన్ని కరిగించి అమైనో ఆమ్లాలుగా విడగొట్టేది ముఖ్యంగా బ్యాక్టీరియా కాదు. చేప సొంత పేగుల్లో ఉండే ఎంజైములు. అందుకే పేగులు తీసేసి కండ మాత్రమే వేస్తే ద్రవం సరిగా దిగదు. బ్యాక్టీరియా చేసేది పీహెచ్‌ని దించి, ఆ ఎంజైములు నింపాదిగా పనిచేసుకునేదాకా కుళ్లబెట్టేవాటిని దూరంగా ఉంచడం. ఎవరి పని ఏదో తెలిస్తే ఎక్కడ తప్పు జరిగిందో కూడా తెలుస్తుంది.

తోడు దేనితో పెట్టాలి? ఇక్కడ పెరుగు కన్నా తరవాణి, ఇడ్లీ పిండి మేలు అంటాను. పెరుగులో ఉండే బల్గారికస్ లాంటి బ్యాక్టీరియా పాల చక్కెర మీద బతకడానికి అలవాటుపడినది, బెల్లంలోని చెరకు చక్కెరని సాధారణంగా వాడుకోలేదు. గింజల మీద, ఆకుల మీద, ఊరగాయల్లో ఉండే ప్లాంటారం లాంటివి చెరకు చక్కెరని హాయిగా తింటాయి. ఉప్పు వెయ్యకముందు పొంగిన పిండి ఒక గ్లాసు, కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు, 50 నుంచి 100 గ్రాముల బెల్లం, మీద గుడ్డ. ఒకటి రెండు రోజులకి పుల్లటి మంచి వాసన రావాలి, కాగితం 4 దగ్గర రంగు చూపించాలి. దాన్నే మళ్లీ బెల్లం నీళ్లలో పెంచుకుంటూ పోతే 100 కిలోల చేపకి కావలసిన 5 లీటర్లు వస్తాయి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రాత్రి నిలవ ఉంచండి.

బెల్లం హైడ్రోస్ వెయ్యనిది, నల్లగా ఉన్నదే తీసుకోండి. నల్ల బెల్లం ఎక్కువ కొంటే "సారాకా బావూ?" అని కొట్టువాడు అనుమానంగా చూస్తాడు, చేప డ్రమ్ముకి అంటే ఇంకా అనుమానంగా చూస్తాడు. భరించాలి.

చేప వ్యర్థాన్ని వీలైనంత చిన్న ముక్కలు చేసి, బెల్లం, తోడు బాగా కలిపి, డ్రమ్ములో మూడు వంతులే నింపండి. స్టీల్ ప్లాంట్ ఊరు కదా అని పాత ఇనప డ్రమ్ము తెచ్చుకోవద్దు, ఆమ్లం దాన్ని తినేస్తుంది, ఆ తుప్పంతా ద్రవంలోకి దిగుతుంది. పాత సామాన్ల కొట్టులో చవగ్గా వచ్చే రసాయనాల డ్రమ్ములూ వద్దు. తిండి సరుకు పోసే ప్లాస్టిక్ డ్రమ్మే. గాలి బయటికి పోయే సందు ఉండాలి, బిగించేస్తే ఉబ్బుతుంది. మన 30 డిగ్రీల వేడికి మూడు నాలుగు రోజుల్లో పీహెచ్ 4.5 కిందికి రావాలి. రాకుండా కుళ్లు కంపు మొదలైతే దాన్ని బాగుచెయ్యాలని చూడకండి, లోతుగా గొయ్యి తీసి పూడ్చేయండి. గాలి ఆడని చోట, పులుపు చాలని మాంసంలో పుట్టే విషం మనిషిని చంపగలదు. పులుపు సరిగా పడితే రెండు మూడు వారాల్లో గుజ్జంతా నీళ్లవుతుంది, ముళ్లు అడుగుకి, నూనె పైకి. నూనె తీసేసి, గుడ్డతో రెండుసార్లు వడగట్టి, లీటరు నీటికి 3 నుంచి 5 మిల్లీలీటర్లు. మొదట నాలుగు మొక్కల మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. కాగితం రంగులు ఎలా పోల్చుకోవాలో వీడియోలో చూపించాం.

రొయ్య పెంకు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పెంకులో మూడు ఉంటాయి: ప్రోటీన్, సున్నం, కైటిన్. ఫ్యాక్టరీల్లో కైటిన్ తియ్యాలంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్ని, కాస్టిక్ సోడాతో ప్రోటీన్‌ని తీసేస్తారు. ఆ కడుగు నీళ్లు ఎక్కడికో పోవాలి కదా. అదే పెంకుని బెల్లం, తోడు వేసి పులియబెడితే లాక్టిక్ ఆమ్లం సున్నాన్ని కాల్షియం లాక్టేట్‌గా కరిగిస్తుంది, రొయ్య తలలోని ఎంజైములు ప్రోటీన్‌ని కరిగిస్తాయి, మిగిలిన పొట్టులో ఎక్కువ భాగం కైటిన్. పైన తేలిన ద్రవంలో కరిగిన కాల్షియం, అమైనో ఆమ్లాలు. ఇది పరిశోధనల్లో నిలబడ్డ పద్ధతి. ఫ్యాక్టరీ కైటిన్ అంత శుద్ధంగా రాదు, మన మట్టికి అంత శుద్ధి అక్కర్లేదు.

కైటిన్ మట్టిలో పడితే దాన్ని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. బూజుల గోడలు, నులిపురుగుల గుడ్ల పైపెంకు కూడా కైటిన్‌తో చేసినవే కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. ఇంతవరకు నిజం. వెంటనే "ఎకరానికి రెండు కిలోలు చల్లండి, నులిపురుగు మాయం" అనే వీడియో రాబోతుందని నా భయం. పరీక్షల్లో ఫలితం కనిపించింది మట్టి బరువులో సుమారు నూటికి ఒక వంతు కలిపినప్పుడు. ఎకరం పైమట్టికి ఆ లెక్కన ఎనిమిది టన్నులు కావాలి. ఎవరివల్లా కాదు. నారుమడికి, ట్రేలలో పోసే మిశ్రమానికి, టమాటా, వంగ నారుకి మాత్రం వాడి చూడదగ్గది. నేను దాన్ని నారుమడి సరుకుగానే చూస్తాను.

ఫ్యాక్టరీ పెంకు తెచ్చేముందు రెండు అడగండి. రొయ్య నల్లబడకుండా మెటాబైసల్ఫైట్‌లో ముంచుతారు, అది బాగా అంటుకున్న పెంకులో మన బ్యాక్టీరియా ఎదగదు, కడిగి వాడాలి. రెండోది, చెరువులో యాంటీబయాటిక్ వాడిన సరుకా అని. ఈ రెండో ప్రశ్నకి నిజం చెప్పేవాళ్లు తక్కువ. అందుకే నా మొదటి ఎంపిక పెంకు కాదు, సముద్రం చేప. పూడిమడక, ముత్యాలమ్మపాలెం, భీమిలి ఒడ్డున చేపలు బాగుచేసే అక్కల దగ్గర తాజా వ్యర్థం దొరుకుతుంది, తెల్లారేలోపు డ్రమ్ములో పడాలి. మనం డబ్బిచ్చి కొనాలి. చెత్తే కదా అని ఊరికే పట్టుకుపోవడం నాకు నచ్చదు. దానికి కిలోకి రెండు మూడు రూపాయలు పలికితే ఒడ్డు మీద పారెయ్యడం దానంతట అదే తగ్గుతుంది.

చేప ముట్టం అనే రైతులున్నారు. వాళ్ల మాట గౌరవిస్తాను. వాళ్లకి మినుము, వేరుశనగ చెక్క, జీవామృతం దారులున్నాయి. ఆవు లేని మత్స్యకార పల్లెల పక్క రైతుకి జీవామృతం ఎంత కష్టమో కూడా వాళ్లు ఒకసారి ఆలోచించాలి.

ఇంకో అడ్డంకి కాలం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. సరిగ్గా ఖరీఫ్‌కి సరుకు కావలసిన ముందు చేప ఉండదు. సైలేజ్‌కి ఉన్న గొప్ప సుగుణం ఇక్కడే పనికొస్తుంది. పులుపు నిలిచినంతకాలం నెలల తరబడి చెడదు. ఫిబ్రవరి, మార్చిలో డ్రమ్ములు నింపుకుంటే జూన్ చివర్లో నారుకి సిద్ధం. ఆ రెండు నెలలు వేట లేని ఇళ్లలో ఆడవాళ్లకి వడగట్టడం, నింపడం పని కూడా అవుతుంది.

2024 నవంబరులో కేంద్రం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కి 2,481 కోట్లతో ఆమోదం ఇచ్చింది. దేశమంతా 10,000 బయో ఇన్‌పుట్ వనరుల కేంద్రాలు పెడతామన్నారు. లోపలి ఊళ్లలో ఆవు పేడ, మూత్రం, వేప చుట్టూ ఆ కేంద్రం నడవడం సరైనదే. సముద్రం ఒడ్డున ఉన్న మండలాల్లో కూడా అదే నమూనా దించితే మాత్రం నేను ఒప్పుకోను. అచ్యుతాపురం, పరవాడ, భీమిలి మండలాల్లో పెట్టే కేంద్రానికి ఒక మాంసం మిషను, నాలుగు 200 లీటర్ల డ్రమ్ములు, ఒక చిన్న పీహెచ్ మీటరు ఇవ్వాలని అడుగుదాం. తయారైన ప్రతి డ్రమ్ముకి నింపిన తేదీ, నాలుగో రోజు పీహెచ్, అమ్మిన రోజు పీహెచ్, ఈ మూడూ పెద్దక్షరాలతో రాసి ఉండాలి. "కోట్లాది సూక్ష్మజీవులు" అని రాయక్కర్లేదు.

మీ మండలంలో ఇన్‌పుట్ కేంద్రం కోసం గ్రామసభ తీర్మానం రాసేటప్పుడు ఈ మూడు పరికరాల పేర్లు విడివిడిగా రాయించండి. "తదితర సామగ్రి" అని రాస్తే వచ్చేది కుర్చీలే.